మొదటి అకౌస్టిక్ గిటార్ ఎలా ఎంచుకోవాలి? గోదావరి డెల్టా వారి కోసం సమగ్ర మార్గదర్శి

గిటార్ నేర్చుకోవాలనుకునే ప్రతి ఒక్కరూ అడిగే మొదటి ప్రశ్న, "ఏ కంపెనీది కొనాలి?" అని. అది నిజానికి చివర్లో తేల్చుకోవలసిన విషయం. ఒకే కంపెనీ, ఒకే మోడల్, పక్కపక్కనే వేలాడుతున్న రెండు గిటార్లలో ఒకటి వేలికి మెత్తగా లొంగుతుంది, మరొకటి వేలి చివర్లను కోసేస్తుంది. తేడా ఎక్కువగా తీగ ఎత్తులో ఉంటుంది. గిటార్ మెడ (నెక్) మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీకీ, అంటే ఫ్రెట్‌కూ, తీగకూ మధ్య ఉండే ఈ ఎత్తునే "యాక్షన్" అంటారు. నేర్చుకోవడం మధ్యలో మానేసేవారిలో చాలామందికి అడ్డుపడేది ఇదే. పైగా కాలువలు, చేలు, చెరువులు, సముద్రం నడుమ ఉండే మన డెల్టాలో గాలి తేమ ఆ ఎత్తును ఏడాది పొడవునా మారుస్తూనే ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి అంతా తీగ ఎత్తు, తేమ అనే రెండింటి చుట్టూ తిరుగుతుంది.

## 1. ముందు డబ్బు పంచుకోండి

చేతిలో ఉన్న మొత్తమంతా గిటార్ మీద పెట్టకండి. ఐదో వంతు పక్కన పెట్టండి. 8,000 రూపాయలు ఉంటే 6,500 లోపు గిటార్ చూసుకుని, మిగిలినది కింది వాటికి ఉంచుకోండి.

- స్పాంజి దట్టంగా ఉన్న బ్యాగు. గిటార్‌తో ఉచితంగా ఇచ్చే పల్చటి సంచి దుమ్ముకు తప్ప దెబ్బకు ఆగదు. అమలాపురం, రాజోలు వైపు బస్సు ప్రయాణం ఉంటే ఇందులో రాజీ వద్దు.
- ఒక సెట్టు అదనపు తీగలు.
- సెటప్ ఖర్చు: తీగ ఎత్తు, నెక్ వంపు సరిచేయించడానికి.
- పిక్‌లు (తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్కలు) రెండు మూడు, తుడుచుకోవడానికి మెత్తటి నూలు గుడ్డ.

శ్రుతి చూసుకోవడానికి ఫోన్‌లో ఉచిత ట్యూనర్ యాప్ చాలు. నెక్ చివర తగిలించే క్లిప్ ట్యూనర్ పక్కన గోల ఉన్నప్పుడు పనికొస్తుంది, కానీ తర్వాత కొనుక్కోవచ్చు. నెక్‌కు బిగించి శ్రుతి పెంచే కేపో కూడా అంతే.

మరీ చవక గిటార్లలో ట్యూనింగ్ కీలు (తీగలు బిగించే మరలు) వదులుగా, ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా ఉండే ప్రమాదం ఎక్కువ. వాటికి మరమ్మతు చేయించడం గిటార్ ధరకు దగ్గరవుతుంది. బడ్జెట్ తక్కువైతే చవక కొత్తదానికన్నా మంచి పాతదే మేలు.

## 2. ఉక్కు తీగలా, నైలాన్ తీగలా?

సినిమా పాటలు, చర్చిలో క్రైస్తవ గీతాలు, స్నేహితుల మధ్య కార్డులు (కొన్ని స్వరాలను ఒకేసారి పలికించే పట్లు) వాయిస్తూ పాడటం మీ ఉద్దేశమైతే ఉక్కు తీగల గిటార్ తీసుకోండి. వేళ్లతో ఒక్కో తీగను మీటే శాస్త్రీయ పద్ధతి నేర్చుకోవాలంటే నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ కావాలి.

నైలాన్ వేళ్లకు మెత్తగా ఉంటుంది కాబట్టి అందరికీ అదే సులువు అనుకుంటారు. పూర్తిగా నిజం కాదు. క్లాసికల్ గిటార్‌లో నెక్ పైభాగాన తీగలు ఆనే పట్టీ, అంటే నట్, దగ్గర వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు. ఉక్కు తీగల గిటార్‌లో అది 43 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. చిన్న చేతులకు ఆ వెడల్పు మీద కార్డులు పట్టడం కష్టం.

ఒక్క హెచ్చరిక: క్లాసికల్ గిటార్‌కు ఎప్పుడూ ఉక్కు తీగలు ఎక్కించకండి. మామూలు ఉక్కు తీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. క్లాసికల్ గిటార్ దానికోసం కట్టింది కాదు. బాడీ మీద తీగలు కట్టే పట్టీ, అంటే బ్రిడ్జి, ఊడిపోతుంది.

## 3. సైజు: ఒళ్లో పెట్టుకుని చూడాల్సిందే

పన్నెండేళ్లు దాటినవారికి సాధారణంగా పూర్తి సైజు సరిపోతుంది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలకు మూడు వంతుల సైజు, అంటే సుమారు 36 అంగుళాల పొడవున్నది చూడండి. పెరుగుతాడు కదా అని పెద్దది కొంటే భుజం పైకెత్తి, మణికట్టు మెలితిప్పి వాయించడం అలవాటవుతుంది. ఆ అలవాటు తర్వాత మాన్పించడం చాలా కష్టం.

బాడీ ఆకారాల్లో దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది డ్రెడ్‌నాట్. వెడల్పుగా, గంభీరమైన ధ్వనితో ఉంటుంది. సన్నగా, పొట్టిగా ఉన్నవారికి కుడిచేయి దాని మీదుగా వాలడం ఇబ్బంది. వారికి నడుము సన్నగా ఉండే కాన్సర్ట్ ఆకారం హాయిగా ఉంటుంది.

బాడీ ఒక మూల కోసినట్టు ఉండే కటవే మోడళ్లు చూడటానికి బాగుంటాయి. ఆ కోత పై ఫ్రెట్లు అందుకోవడానికి. మొదటి ఏడాది మీరు అక్కడి దాకా వెళ్లరు. ప్లగ్ పెట్టుకునే ఎలక్ట్రో అకౌస్టిక్ కూడా, త్వరలో వేదిక మీద వాయించే అవసరం లేకపోతే, అనవసరం. అదే ధరలో ప్లగ్ లేని గిటార్ సాధారణంగా మెరుగ్గా ఉంటుంది.

ఎడమచేతి వాటం ఉన్నవారు రెండు రకాలూ పట్టుకుని చూడండి. కుడిచేతి గిటార్ మీద సౌకర్యంగా ఉంటే అదే తీసుకోండి, దొరకడమూ మార్చుకోవడమూ సులువు. లేకపోతే ఎడమచేతి గిటారే తెప్పించుకోండి. మామూలు గిటార్‌కు తీగలు తిరగేసి సర్దుకోవడం వద్దు. నట్, బ్రిడ్జి, లోపలి పట్టీలు అన్నీ ఒకవైపుకే చేసి ఉంటాయి.

## 4. చెక్క: మన తేమకు ఏది ఆగుతుంది?

డెల్టావాసులు మిగతావారికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే.

గిటార్ పైపలకను రెండు రకాలుగా చేస్తారు. సాలిడ్ టాప్ అంటే ఒకే మందంలో అసలు చెక్క. లామినేట్ టాప్ అంటే పల్చటి పొరలను, నార దిశ అడ్డదిడ్డంగా ఉండేట్టు, అతికించిన పలక. సాలిడ్ టాప్ నాదం నిండుగా ఉంటుంది, వాయించేకొద్దీ ఇంకా తెరుచుకుంటుంది. కానీ అలాంటి గిటార్‌కు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండటం మంచిది. మన దగ్గర వానాకాలం ఉదయాల్లో అది 80 శాతం దాటడం మామూలే.

చెక్క తేమ పీల్చి నారకు అడ్డంగా ఉబ్బుతుంది. పైపలక బ్రిడ్జి వెనుక బొజ్జలా పైకి లేస్తుంది, దానితో బ్రిడ్జి, బ్రిడ్జితో తీగలు పైకి లేస్తాయి. వేసవిలో మెత్తగా ఉన్న గిటార్ శ్రావణమాసానికి గట్టిపడటానికి కారణం ఇదే. లామినేట్ పలకలో పొరలు ఒకదాన్నొకటి బిగించి ఉంచుతాయి కాబట్టి ఈ కదలిక చాలా తక్కువ.

అందువల్ల కోనసీమలో, భీమవరం చుట్టుపక్కల, కాకినాడ తీరంలో ఉండేవారికి మొదటి గిటార్‌గా లామినేట్ టాప్‌నే సూచిస్తాను. ఈ విషయంలో నాకు సందేహం లేదు. సాలిడ్ టాప్ రెండో గిటార్‌కు, తేమ చూసుకోవడం అలవాటయ్యాక.

ఏది ఏదో తెలుసుకోవడానికి మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రం అంచును దగ్గరగా చూడండి. పైన కనిపించే నార గీతలు అంచు మీదుగా మడిచినట్టు కిందికి అలాగే కొనసాగితే సాలిడ్. అంచులో అడ్డంగా పొరలు కనిపిస్తే, లేదా గీతలు అంచు దగ్గరే ఆగిపోతే లామినేట్. అంచుకు రంగు పూసి దాచిన చోట అది లామినేట్ అనే అనుకోండి. లేబుల్ మీద "స్ప్రూస్ టాప్" అని మాత్రమే ఉండి "సాలిడ్" అని లేకపోయినా అంతే.

ఇంకో చిన్న విషయం. ట్యూనింగ్ కీల పళ్లచక్రాలు బయటికి కనిపించే రకం కన్నా డబ్బాలో మూసి ఉన్న రకం మేలు. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఉప్పాడ, నరసాపురం వైపు ఇది మరీ ముఖ్యం.

## 5. దుకాణానికి వెళ్లే ముందు

- గోళ్లు కత్తిరించుకోండి. ఎడమచేతి గోళ్లు ఉంటే ఏ తీగనూ సరిగా నొక్కలేరు, గిటార్‌దే తప్పు అనిపిస్తుంది.
- ఫోన్‌లో ట్యూనర్ యాప్ వేసుకుని, E, A, D, G, B, E అనే ఆరు స్వరాలు ఎలా చూపిస్తుందో ఇంట్లోనే చూసుకోండి. మొదటి E లావుపాటి ఆరో తీగది, చివరి E సన్నటి ఒకటో తీగది.
- చిన్న స్టీలు స్కేలు జేబులో వేసుకోండి. కంపాస్ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలు పనికిరాదు. దానిలో సున్నాకు ముందు కొంత ఖాళీ అంచు ఉంటుంది, కొలత తప్పుతుంది. సున్నా సరిగ్గా అంచున మొదలయ్యే స్కేలు కావాలి.
- ఒక కాగితం ముక్క, ఒక విజిటింగ్ కార్డు.
- వాయించడం తెలిసినవారు ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లండి. లేకపోయినా కింది పరీక్షలన్నీ మీరే చేయగలరు.

రద్దీ లేని సమయంలో, పగటి వెలుతురులో వెళ్లండి.

## 6. దుకాణంలో పరీక్ష: ఈ వరుసలోనే

మొదట శ్రుతి. ముందు గిటార్‌ను శ్రుతి చేయించండి. వదులు తీగల మీద చేసే ఏ పరీక్షా చెల్లదు. వదులుగా ఉంచితే నెక్ వంపు కనిపించదు, తీగలు మెత్తగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది.

నెక్ వంపు. ఆరో తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, మరో చేత్తో బాడీ మొదలయ్యే చోట నొక్కిపట్టండి. ఇప్పుడు ఆ తీగే మీకు తిన్నటి గీత. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకు కింద విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే సరిగ్గా ఉంది. మిల్లీమీటరు దాకా ఉంటే నెక్ ముందుకు వంగింది. అసలు సందు లేకుండా ఫ్రెట్‌ను తాకుతుంటే వెనక్కి వంగింది. ఉక్కు తీగల గిటార్‌లో ఈ రెండూ నెక్ లోపలి లోహపు కడ్డీతో, అంటే ట్రస్ రాడ్‌తో, సరవుతాయి. నెక్ పక్కకు మెలితిరిగి ఉంటే మాత్రం వదిలేయండి.

బ్రిడ్జి. బ్రిడ్జి వెనుక అంచు కింద కాగితం మూల దూర్చి చూడండి. ఎక్కడైనా లోపలికి వెళ్తే బ్రిడ్జి లేస్తోందన్నమాట. ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి.

తీగ ఎత్తు. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. స్కేలును పన్నెండో ఫ్రెట్ మీద నిలబెట్టి, ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు దాకా కొలవండి. ఉక్కు తీగల గిటార్‌లో ఆరో తీగ దగ్గర 2.5, ఒకటో తీగ దగ్గర 2 మిల్లీమీటర్లు ఉంటే హాయిగా వాయించవచ్చు. ఆరో తీగ 3 దాటితే కొత్తవారికి కష్టం. క్లాసికల్‌లో 4, 3 మామూలు.

ఎత్తు ఎక్కువగా ఉన్నంత మాత్రాన గిటార్‌ను కొట్టిపారేయకండి. బ్రిడ్జి మీద తీగలు ఆనే తెల్లటి పట్టీని, అంటే శాడిల్‌ను చూడండి. అది బ్రిడ్జి పైకి కనీసం 3 మిల్లీమీటర్లు కనిపిస్తుంటే, అడుగున అరగదీసి తీగలను దించవచ్చు. శాడిల్ ఇప్పటికే బ్రిడ్జిలోకి కూరుకుపోయినట్టుండి, తీగలు ఇంకా ఎత్తుగానే ఉంటే నెక్ అతికిన కోణంలోనే లోపం ఉంది. అది చవకలో సరికాదు. తేమకు తీగలు ఇంకా లేచే ప్రాంతంలో ఉన్నాం కాబట్టి శాడిల్‌లో ఈ వెసులుబాటు లేని గిటార్‌ను ఇంటికి తేకూడదు.

నట్. తీగను రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. కాగితమంత సందు ఉండాలి. విజిటింగ్ కార్డు వదులుగా దూరిపోతుంటే నట్ ఎత్తుగా ఉంది. మొదటి పాఠాల్లో వచ్చే కార్డులన్నీ మొదటి మూడు ఫ్రెట్లలోనే ఉంటాయి కాబట్టి ఈ లోపం కొత్తవారినే ఎక్కువ బాధిస్తుంది.

డెబ్బై రెండు స్వరాలు. ఒక్కో తీగను మొదటి ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా నొక్కుతూ మీటండి. ఫ్రెట్ పక్కనే, దాని వెనుక నొక్కాలి. నడుమ నొక్కితే మంచి గిటార్ కూడా బుర్రుమంటుంది. ఒక్కో స్వరం స్పష్టంగా మోగి మెల్లగా ఆగాలి. ఎక్కడైనా జరజరమని బజ్ వస్తే తీగ సంఖ్య, ఫ్రెట్ సంఖ్య ఫోన్‌లో రాసుకోండి. తర్వాత దుకాణదారుతో, "మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్ దగ్గర బజ్ వస్తోందండి, చూడండి" అని చెప్పగలిగితే బేరం తీరే మారిపోతుంది.

పన్నెండో ఫ్రెట్ శ్రుతి. తీగను ఉత్తగా మీటి ట్యూనర్‌లో ముల్లు నడుమ ఉందో చూడండి. అదే తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో రావాలి, ముల్లు మళ్లీ నడుమే ఉండాలి. వెంట్రుకవాసి తేడా పరవాలేదు. ముల్లు బాగా పక్కకు పోతే పై ఫ్రెట్లలో కార్డులు ఎప్పుడూ అపశ్రుతే పలుకుతాయి. తీగలు తుప్పుపట్టి ఉంటే ఈ పరీక్షకు ముందు మార్చమనండి.

చివరగా మీ చేయి. కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర చూపుడువేలితో నొక్కి మీటండి. మణికట్టు వంచకుండా, పళ్లు బిగించకుండా ఆ స్వరం వస్తే ఆ గిటార్ మీకు తగినదే. పది నిమిషాలు ఒళ్లోనే ఉంచుకోండి, సిగ్గుపడకండి. నాదం ఎలా ఉందో తెలియాలంటే మరొకరిని వాయించమని మీరు ఎదురుగా నిలబడి వినండి. గిటార్ ధ్వని వాయించేవారి కన్నా ఎదుటివారికే బాగా వినిపిస్తుంది.

## 7. లోపం కనిపిస్తే

సెటప్‌తో సరయ్యేవి: తీగ ఎత్తు (శాడిల్‌లో వెసులుబాటు ఉంటే), నట్ గాడి, నెక్ ముందు వెనుక వంపు, పాత తీగలు, ఒకటి రెండు చోట్ల బజ్.

తిరస్కరించవలసినవి: లేచిన బ్రిడ్జి, మెలితిరిగిన నెక్, నెక్ అతుకు దగ్గర పగులు, పైపలక మీద వేలితో తడితే లోపల గలగల, తిప్పినా స్వరం మారక ఒక్కసారిగా జారే ట్యూనింగ్ కీలు.

మొదటి రకం లోపాలకు ధర తగ్గించమని అడగడం కన్నా, సెటప్ చేసి ఇవ్వమని అడగండి. మీ వేళ్లకు రెండు మూడు వందల తగ్గింపు కన్నా అదే లాభం. చేసిచ్చాక పన్నెండో ఫ్రెట్ దగ్గర మళ్లీ కొలవండి. బిల్లు, వారంటీ కార్డు తీసుకోండి.

## 8. ఆన్‌లైన్‌లో, లేదా పాతది కొంటే

ఊళ్లో దుకాణం లేక ఆన్‌లైన్‌లో కొనేవారు తిరిగి పంపే గడువు, షరతులు ముందే చదవండి. పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచీ వీడియో తీయండి. ఆ రోజే శ్రుతి చేసి, ఆరో భాగంలోని పరీక్షలన్నీ చేయండి.

పాత గిటార్లకు భీమవరం, సూరంపాలెం, కాకినాడ లాంటి కాలేజీల ఊళ్లలో వెతకండి. చదువు ముగించి వెళ్లే విద్యార్థులు అమ్ముతుంటారు. పై పరీక్షలకు ఇవి కలపండి:

- ఫోన్ టార్చి రంధ్రంలో పెట్టి లోపల బూజు, నీటి మరక, లేబుల్ ఉబ్బడం ఉన్నాయేమో చూడండి. లంక గ్రామాల్లో వరద నీరు తగిలిన వస్తువు పైకి ఎంత బాగున్నా లోపలి అతుకులు వదులవుతాయి.
- వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే చాలాకాలం తడిలో ఉన్నట్టు.
- సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి ఉంటే పుచ్చు పట్టింది. ఇంటికే తేకండి.
- బ్రిడ్జి వెనుక స్కేలు అడ్డంగా ఆనించి ఉబ్బు చూడండి. కొంచెం ఉబ్బు సహజం. స్కేలు నడుమ ఆని రెండు వైపులా బాగా ఊగితే వద్దు.
- మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగల గాట్లు లోతుగా ఉన్నాయేమో వేలితో తడమండి.

## 9. ఇప్పుడు కంపెనీ

పూర్తి సైజు ఉక్కు తీగల గిటార్లలో యమహా ఎఫ్310 లాంటి లామినేట్ మోడళ్లు మొదటి గిటార్‌గా నమ్మదగినవి. దాని తీగ పొడవు 634 మిల్లీమీటర్లు. చాలా డ్రెడ్‌నాట్‌లలో ఇది 645 పైన ఉంటుంది. పొడవు తగ్గితే అదే శ్రుతికి తీగ బిగువు కొంచెం తగ్గుతుంది, వేలికి అంత సులువు. క్లాసికల్‌కు యమహా సీ40, కొంచెం తక్కువ బడ్జెట్‌కు కాడెన్స్, ఇంకో మెట్టు పైన ఫెండర్, కోర్ట్‌లలో ప్రారంభ మోడళ్లు చూడండి. ఫెండర్ సీడీ-60ఎస్ సాలిడ్ టాప్ కాబట్టి నాలుగో భాగం గుర్తుంచుకుని నిర్ణయించుకోండి. పేరు ఏదైనా ఆరో భాగంలో నెగ్గిన గిటారే కొనండి.

## 10. మొదటి నెల

కొత్త తీగలు సాగుతాయి, మొదటి వారం శ్రుతి తరచూ దిగుతుంది. అది లోపం కాదు. రోజూ శ్రుతి చేసుకునే మొదలుపెట్టండి.

వేలి చివర్ల నొప్పి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు వాయించడం, ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోవడం కన్నా మంచిది. తగ్గకపోతే తీగల మందం చూడండి. గిటార్‌కు 0.012 అంగుళాలతో మొదలయ్యే సెట్టు ఉంటే 0.010 లేదా 0.011 సెట్టుకు మారండి. బిగువు వెంటనే తగ్గుతుంది. మణికట్టు నొప్పి వేరు. అది కూర్చునే తీరు వల్లనో, గిటార్ సైజు వల్లనో వస్తుంది, ఓర్చుకోవద్దు.

శాడిల్ అరగదీయించేటప్పుడు ఒక లెక్క తెలిసి ఉండాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ అడుగున ఒక మిల్లీమీటరు తీయాలి. ఎక్కువ తీస్తే తిరిగి అతికించలేం కాబట్టి కొంచెం కొంచెంగా తీయమనండి. పాత శాడిల్‌ను అలాగే దాచుకుని, కొత్తది కొని దాన్ని అరగదీయించడం ఇంకా మంచిది.

## 11. రోహిణి కార్తె నుంచి వానాకాలం చివరి దాకా

ఎండాకాలం: కారు డిక్కీలో, రేకుల కప్పు కింది గదిలో, మేడ మీద గదిలో గిటార్ ఉంచకండి. రోహిణి కార్తె ఎండకు మూసిన కారులో వేడి జిగురును మెత్తబరుస్తుంది, తీగల బిగువుకు బ్రిడ్జి జరుగుతుంది.

ఏసీ గది నుంచి బయటికి తీసేటప్పుడు బ్యాగు జిప్పు వెంటనే తీయకండి. చల్లటి చెక్క మీద, తీగల మీద నీటి పొర కడుతుంది. అరగంట అలాగే ఉంచండి.

వానాకాలం:

- బయటి గోడకు ఆనించవద్దు, వేలాడదీయవద్దు. నేల మీద కూడా వద్దు. ఇంటి లోపలి గోడ పక్కన, స్టాండు మీదో బీరువా పైనో ఉంచండి.
- బ్యాగులో 50 గ్రాముల సిలికా జెల్ సంచులు రెండు వేయండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. బియ్యం మూట పెట్టకండి, పురుగు పడుతుంది.
- కొన్ని వందలకు దొరికే చిన్న డిజిటల్ తేమ మీటరు బ్యాగులో పెట్టుకోండి. 65 దాటితే జెల్ మార్చాలి.
- వాయించిన ప్రతిసారీ తీగల పైనా కిందా పొడి గుడ్డతో తుడవండి. సముద్రానికి దగ్గరగా ఉన్నవారు పూత పూసిన తీగలు కొనుక్కుంటే, ధర ఎక్కువైనా, చాలాకాలం వస్తాయి.
- నెలరోజులు వాయించకపోతే అన్ని తీగలనూ ఒక స్వరం కిందికి దించి ఉంచండి.

కొన్నరోజు పన్నెండో ఫ్రెట్ దగ్గర కొలిచిన రెండు సంఖ్యలూ తేదీతో ఒక కాగితం మీద రాసి బ్యాగు జేబులో వేయండి. ఆషాఢంలో ఒకసారి, భాద్రపదంలో ఒకసారి అదే స్కేలుతో మళ్లీ కొలవండి. అర మిల్లీమీటరు లోపు పెరిగితే వానలు తగ్గాక దానంతటదే దిగుతుంది. అంతకు మించితే ముందు ఏడో ఫ్రెట్ దగ్గర నెక్ వంపు చూడండి. వంపు పెరిగి ఉంటే ట్రస్ రాడ్‌ను తెలిసినవారి చేత పావు చుట్టు బిగింపజేసి, ఒక రోజు ఆగి మళ్లీ కొలవండి. వంపు సరిగానే ఉండి బ్రిడ్జి వెనుక పలక ఉబ్బి ఉంటే శాడిల్ జోలికి వెళ్లకండి. ముందు వారం పాటు బ్యాగులో తాజా సిలికా జెల్‌తో ఆరనివ్వండి, ఆ తర్వాతే కొలత తీసి సెటప్‌కు ఇవ్వండి.